గోడలో ఉప్పునీళ్ళు

మా డయాలసిస్ సెంటర్లో బయట కూర్చునే గదికీ లోపల మంచాల హాలుకీ మధ్య గోడ సగం గాజే. ఆ గాజు వెనక ఉప్పునీళ్ళు. గోడలో పొడవాటి తొట్టె అమర్చి, పగడాలూ చేపలూ పెంచితే, అటు ఎదురుచూసేవాళ్ళకీ ఇటు పడుకున్నవాళ్ళకీ కాలం కాస్త మెత్తగా గడుస్తుందని కట్టేటప్పుడే ఎవరో అనుకున్నారట. పొద్దున్నే నేను వచ్చి ముందు మెషీన్లు ఆన్ చేస్తాను, తర్వాత తొట్టె దీపం వేస్తాను. హాల్లో మిగతా దీపాలు ఇంకా వెలగవు. ఆ కాసేపు నీలం వెలుగు ఖాళీ మంచాల మీదికి పాకి, తెల్ల దుప్పట్ల మీద అలలుగా కదులుతుంది. మంచాలన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టుంటాయి. నడుస్తుంటే నా అడుగుల చప్పుడు కూడా నాకు దూరంగా వినిపిస్తుంది.

నా పని సూదులు గుచ్చడం, మెషీన్లు చూసుకోవడం. తొట్టె పని నాకెవరూ అప్పగించలేదు. ఖాళీ దొరికితే దాని ముందు నిలబడి చూస్తుండేదాన్ని. మా హెడ్ నర్సుని అందరం అక్కా అనే పిలుస్తాం. మాటలు రాని పిల్లకి మాటలు రాని వాటినే అప్పజెప్పాలి అని అక్క నవ్వింది. అప్పటి నుంచి నీళ్ళు మార్చడం, గాజు తుడవడం నా వంతు.

గాజుని ఆనుకుని ఉన్న మంచం టైలరమ్మది. రోజు విడిచి రోజు, పొద్దుటి షిఫ్టు. ఆవిడకి సూది నొప్పంటే భయం లేదు. వేళ్ళ నిండా సూదిపోట్లే. ఆవిడ భయం వేరే. తన రక్తం తన ఒంట్లోంచి బయటికి వచ్చి, ట్యూబుల్లో తిరిగి, మళ్ళీ లోపలికి వెళ్ళడం చూడటం ఆవిడ వల్ల కాదు. వేరే సెంటర్లో ఉన్నప్పుడు అది చూడలేక మానేసింది. నీరు చేరి, ఊపిరాడక, మాట రాని స్థితిలో ఆవిణ్ణి చెల్లెలు ఆటోలో పడుకోబెట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చింది. మొదటి రోజే ఆవిడ తల ఇటు తిప్పింది. నీళ్ళలో ఊదారంగు వేళ్ళున్న సముద్రపు పువ్వొకటి ఊగుతోంది. దాని వేళ్ళ మధ్య నారింజరంగు చేప ఒకటి ఒళ్ళు రుద్దుకుంటూ తిరుగుతోంది. దాని ఒంటి మీద తెల్ల చారలు.

"ఎవరు కుట్టారో గానీ పైపింగ్ మాత్రం శుభ్రంగా వేశారు" అంది టైలరమ్మ. నేను సూదులు గుచ్చేసిన సంగతి ఆవిడకి తెలియలేదు.

ఆ చేపకి చంటోడని పేరు పెట్టింది. అప్పటి నుంచి ఒక్క పూట మానలేదు. మా అక్క వైద్యానికి రాదండీ, చంటోణ్ణి చూడ్డానికొస్తుంది, మధ్యలో మీరేదో చేసుకుంటారు అని చెల్లెలు అనేది.

అలాంటి తొట్టెలో ఎరుపు పుట్టింది.

మొదట పువ్వు కింది రాయి పక్కన ఇసుక మీద, తుప్పు మరకలా కనిపించింది. చూస్తుండగానే అది చాపలా పరుచుకుంది. చిక్కటి ఎరుపు, పట్టులా మెరిసే పొర. పొద్దున దీపం వేసేటప్పటికి పలచగా ఉండేది. మధ్యాహ్నానికి దట్టమై, దాని కింద వెండి బుడగలు పుట్టి, పొర అంచులు పైకి లేచేవి. మా ఊళ్ళో బడి వెనక కాలువలో ఎండెక్కితే పాచి ఇలాగే బుడగలతో పైకి తేలేది. నేను దాన్ని చూస్తూ గంట మోగడం కూడా వినేదాన్ని కాదు. కానీ ఆ పాచి పచ్చన. ఇది చూస్తే గడ్డకట్టిన నెత్తురు గుర్తొచ్చేది.

అలా అనిపించింది నాకొక్కదానికే కాదు. కొత్తగా వాళ్ళ నాన్నని తీసుకొచ్చిన ఒకతను గాజు దగ్గర ఆగిపోయి, ఇక్కడి రక్తమేమైనా ఇందులోకి వస్తోందా అని అక్కని అడిగాడట. అక్క నవ్వలేకపోయింది. డాక్టరుగారి దాకా వెళ్ళింది. ఆయన మంచి మనిషి, కసురుకోలేదు. గాజు ముందు చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు నిలబడ్డారు. వచ్చేవాళ్ళు ముందే భయపడుతూ వస్తారమ్మా, ఇంకా భయపెట్టకూడదు అన్నారు. వచ్చే నెల మొదలయ్యేలోగా ఈ ఎరుపు పోతే సరే, లేకపోతే నీళ్ళు తీయించేసి అక్కడ టీవీ పెట్టిద్దాం అన్నారు.

టైలరమ్మ అప్పుడు మంచం మీదే ఉంది. ఎరుపు అప్పటికి ఆవిడ వైపు గాజు మీదికి కూడా పాకింది. చంటోడు దాని వెనక మసగ్గా కదులుతున్నాడు. నేను సూది తీస్తుంటే ఆవిడ మెల్లగా అంది.

"ఇటు చూస్తే ఎరుపని అటు తిరిగేదాన్ని. ఇప్పుడు అటూ అదే. ఎక్కడ పెట్టుకోను పిల్లా, ఈ కళ్ళు?"

ఆ తర్వాతి పూట ఆవిడ కళ్ళకి చేతిరుమాలు కట్టుకుని పడుకుంది. చెయ్యంతా చల్లగా, బిగుసుకుని ఉంది.

చేపల కొట్టాయన దగ్గరికి సీసాలో కొంచెం ఎర్రపొర తీసుకెళ్ళాను. ఆయన కొట్టు సన్నటి సందులో, రెండు వైపులా తొట్టెలతో, ఎప్పుడూ సగం చీకటిగా ఉంటుంది. సీసాని దీపానికి ఎత్తి పట్టి, పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూశాడు. ఇది పాచిలా ఉంటుంది గానీ పాచి కాదమ్మా, బాక్టీరియా, సయనో అంటారు అన్నాడు. చేపలూ మనుషులూ పుట్టకముందు నుంచీ ఉందట. మనం పీల్చే గాలి మొదట తయారుచేసింది దీని వంశమేనట. పూర్తిగా చంపడం ఎవరి వల్లా కాదట. తిండి ఎక్కువైతే పరుచుకుంటుంది, లేకపోతే కనిపించకుండా మూలన పడుంటుంది. దాని తిండి ఫాస్ఫేటు.

ఫాస్ఫేటు అనగానే నేను తలెత్తాను. మా దగ్గర పొద్దున లేస్తే ఆ మాటే. కిడ్నీ పనిచేయనివాళ్ళకి ఒంట్లోంచి ఫాస్ఫరస్ బయటికి పోదు. ఎముకలు గుల్లబారతాయి, ఒళ్ళంతా దురద. అది తినొద్దు, ఇది తినొద్దు అని అక్క అరిచేదంతా దాని గురించే.

నాకు ముందు భయమేసింది. తొట్టెలో పోసేది మా ఆర్వో ప్లాంటు నీళ్ళే. వాటిలో ఉప్పు కలిపి పోస్తాను. మనుషుల రక్తాన్ని కడిగే నీళ్ళూ అవే. వాటిలోనే ఏదైనా ఉంటే? ఫాస్ఫేటు ఉంటే నీలం తిరిగే మందు చుక్కలు చేపల కొట్టాయన ఇచ్చాడు. చిన్న గొట్టంలో రెండు నీళ్ళూ విడివిడిగా పట్టి, ఆ చుక్కలు వేసి చూశాను. ఆర్వో నీళ్ళు తేటగానే ఉండిపోయాయి. తొట్టె నీళ్ళు మాత్రం నీలంగా మారి, ఇంకా ముదిరి, సిరా అయ్యాయి. అంటే నీళ్ళు మంచివే. ఎవరో దానికి విందు పెడుతున్నారు.

చేపలకి తిండి వేసేది నేనే, రెండు వేళ్ళతో చిటికెడు. అంత మాత్రానికి అంత నీలం రాదు.

టైలరమ్మ రాని రోజు అది తెలిసింది. ఆవిడ మంచం ఖాళీగా ఉంది. చెల్లెలు ఫోనులో, తలుపు గడి పెట్టుకుందండీ, జ్వరమంటోంది, జ్వరం కాదు అంది. అక్క తల పట్టుకుంది. నేను ఖాళీ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఏం తోచక, ఆవిడ దిండు ఉన్న ఎత్తుకి తల వంచి గాజులోకి చూశాను.

నిలబడి చూసేటప్పుడు ఆ తొట్టె వేరు. ఇక్కణ్ణుంచి నీటి పైభాగం కింది వైపు నుంచి కనిపిస్తోంది. కదిలే వెండి కప్పులా ఉంది. దానికి అవతల ఏమీ కనిపించదు. చూస్తుండగా ఆ వెండి పగిలి, ఒక చెయ్యి లోపలికి వచ్చింది. ముడతలు పడ్డ పెద్ద చెయ్యి. వేళ్ళు నలిపాయి. పచ్చటి పొడి నీళ్ళలోకి రాలి, నీలం వెలుగులో బంగారంలా మెరుస్తూ నెమ్మదిగా దిగింది. చెయ్యి వెళ్ళిపోయింది. వెండి మూసుకుంది. కాసేపటికి ఇంకో చెయ్యి, గాజులున్నది. మళ్ళీ పచ్చటి పొడి. చేపలు అందినంత తిన్నాయి. మిగిలింది ఊగుతూ వెళ్ళి, నీళ్ళు కదలని మూలన, రాయి పక్కన, సరిగ్గా ఎరుపు పుట్టిన చోట పడింది.

ఎంతసేపు చూశానో తెలియదు. లేచి గోడ చుట్టూ తిరిగి బయటి గదిలోకి వెళ్ళాను. మధ్యాహ్నం షిఫ్టు కోసం ముందే వచ్చిన డ్రైవర్ బాబాయ్ తొట్టె మీది చెక్క మూత ఎత్తి పట్టుకుని ఉన్నాడు. పక్కనే లెక్కల మాస్టారు కాగితం విప్పి, ఉడికించిన గుడ్డులోంచి పచ్చసొన వేరు చేస్తున్నారు.

మా పేషెంట్లు గుడ్డులో తెల్లసొనే తినాలి. పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువ. అక్క రోజూ చెప్పే పాఠమే. అందరూ బుద్ధిగా తెల్లసొన తిని, పచ్చసొన చేపలకి వేస్తున్నారు. పొద్దుటి షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు, సాయంత్రం షిఫ్టు. ఒక షిఫ్టువాళ్ళు వేస్తున్నట్టు ఇంకో షిఫ్టువాళ్ళకి తెలియదు.

నాకు గట్టిగా చెప్పడం రాదు. అక్కని పిలుచుకొచ్చాను. అక్క విని, నడుం మీద చేతులు పెట్టుకుని, గదిలో అందరినీ ఒకసారి చూసింది.

డ్రైవర్ బాబాయ్ ముందు మాట్లాడాడు. ఒక్క సొనేనమ్మా అన్నాడు, పారేయడానికి మనసొప్పలేదు, మనం ఎలాగూ తినలేం, తినేవాళ్ళనైనా చూద్దామని. చేతికి గాజులున్నావిడ తనదీ ఒక్కటేనంది, అదీ సగమేనంది. వెనక కూర్చున్నాయన తను బిస్కెట్టు కూడా వేశానని ఒప్పుకున్నాడు, అదీ క్రీము గీకేసి. మాస్టారు ఒక్కొక్కరికి ఒకటి చొప్పున అంటూ లెక్క మొదలుపెట్టి, అక్క మొహం చూసి ఆపేశారు.

"మీ రక్తంలో ఫాస్ఫరస్ పెరిగితే మిమ్మల్ని తిడతాను. దానికి పెంచింది మీరు. దాన్నేమని తిట్టను?" అంది అక్క.

"దాన్నీ ఓ మెషీనుకి తగిలించండి. గాజు పక్క మంచం ఖాళీయేగా" అన్నాడు డ్రైవర్ బాబాయ్.

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ మంచం ఎవరిదో అందరికీ తెలుసు. మాస్టారు పచ్చసొనని కాగితంలో తిరిగి చుట్టి జేబులో పెట్టుకున్నారు.

చేపల కొట్టాయన ఎర్రదాన్ని చంపే పొడి కూడా ఒకటి ఇచ్చాడు. డాక్టరుగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి పొట్లం మీది అక్షరాలు చదివారు. యాంటీబయాటిక్ ఇది, ఎర్రదాంతో పాటు నీళ్ళని శుభ్రంచేసే మంచి బాక్టీరియా కూడా పోతే తర్వాత చేపలకే ప్రమాదం, వద్దు అన్నారు. చేపల కొట్టాయన ఇంకో దారి కూడా చెప్పాడు. సన్నటి పైపుతో పొరని లాగేయాలి, నీళ్ళు మార్చాలి, నీళ్ళు కదలని మూలకి పంపు తిప్పాలి. తర్వాత కొన్ని రోజులు తొట్టెని పూర్తి చీకట్లో ఉంచాలి. వెలుగు లేకపోతే దానికి బతుకు లేదు. పగడాలూ చేపలూ మాత్రం ఆ కొద్ది రోజులు ఓర్చుకోగలవు.

పైపు పెట్టి లాగుతుంటే ఎర్రపొర మెత్తగా, పెద్ద పెద్ద ముక్కలుగా ఊడి బకెట్లోకి వచ్చింది. బాగా మురిగిన ఉప్పునీళ్ళ వాసన. బకెట్ నీళ్ళు చూసి అక్క మొహం తిప్పుకుంది. కింద మళ్ళీ తెల్ల ఇసుక కనిపించింది. కానీ అది మర్నాటికే మళ్ళీ గులాబీరంగు తిరుగుతుందని నాకు తెలుసు. చీకటి కావాలి.

ఆ మర్నాడు సాయంత్రం టైలరమ్మ ఇంటికి వెళ్ళాను.

వీధి వైపు గది కొట్టు, వెనక గది ఇల్లు. కొట్టు తలుపు తీసే ఉంది. ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది, కుట్టడం లేదు. పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. బల్ల మీద సుద్దముక్క, కత్తెర, ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి కోసం ఆగుతోంది. నన్ను చూసి, మందలించడానికి వచ్చావా అని అడిగింది.

కాదు పిన్నీ, కుట్టించుకోవడానికి అన్నాను. తొట్టెకి నల్ల ముసుగు కావాలని, వెలుగు చుక్క కూడా దూరకూడదని చెప్పాను. ఎందుకో చెప్పాను. పచ్చసొనల సంగతి చెప్పాను. చేతుల సంగతి చెబుతుంటే ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"ఆ చేతులు నిజమేనా?" అంది. "కల అనుకున్నాను. మెషీన్ మీద ఉన్నప్పుడు కళ్ళు మూతలు పడతాయి కదా. ఆకాశం చీలి చేతులొస్తాయి, పైనుంచి బంగారం రాలుతుంది. ఎవరితోనైనా అంటే పిచ్చంటారని ఊరుకున్నా."

మాస్టారివి అందులో పెద్ద చేతులని చెప్పాను. ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక టేపు తీయకుండానే లేచి, నల్ల గుడ్డ తాను దించి, బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసింది. పొడుగు అడగలేదు. రోజూ చూసేదాన్ని కొలవాలా అంది. రెండు పొరలు వేసింది. మిషను నడుస్తున్నంతసేపూ నేను గుమ్మంలో కూర్చున్నాను. వీధిలో దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

మడతపెట్టిన ముసుగు నా చేతికిస్తూ వదల్లేదు.

"ఇది వేస్తే నేనేం చూడాలి?"

తోచింది చెప్పాను. "మీరు చూడకండి. లోపల ఏం జరుగుతోందో నేను చెబుతాను."

"నువ్వా? నువ్వు రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడవు."

"దాచుకున్నవి ఉన్నాయి పిన్నీ."

ఆవిడ నా మొహంలోకి చూసి, ముసుగు వదిలింది.

మర్నాడు పొద్దున వస్తుందో రాదో తెలియదు. తొట్టెకి నల్ల గుడ్డ తొడిగి, గాలి పంపు పెంచాను. నీలం వెలుగు లేక హాలు పెద్ద ఖాళీ గదిలా ఉంది. మెషీన్ల పచ్చ చుక్కలు మాత్రం మెరుస్తున్నాయి. తలుపు చప్పుడైంది. చెల్లెలి భుజం పట్టుకుని టైలరమ్మ వచ్చింది. ఒంట్లో నీరు చేరి పెరిగిన బరువు చూసి అక్క నోరు తెరిచి, నా మొహం చూసి మూసుకుంది.

ఆవిడ పడుకుని, నల్ల గుడ్డ వైపు తల తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుంది. మొదలుపెట్టు అంది, సూదుల గురించో మాటల గురించో తెలియలేదు. నేను రెండూ మొదలుపెట్టాను.

చంటోడు ఇప్పుడు పువ్వు మధ్యలో పడుకుని ఉన్నాడని చెప్పాను. పువ్వు వేళ్ళు ముడుచుకుని వాణ్ణి కప్పాయని, వాడి రెక్కలు మాత్రం నెమ్మదిగా విసురుకుంటున్నాయని. రాయి కింద పొడుగు మీసాల రొయ్య ఒకటుంది, అది వెలుగున్నప్పుడు బయటికి రాదు, ఇప్పుడు ఇదంతా తనదే అన్నట్టు ఇసుక మీద నడుస్తోందని. నత్తలు గాజు ఎక్కుతున్నాయి, అవి వెళ్ళిన దారి శుభ్రమవుతోంది. పగడాలు వెలుగులో దాచుకునే సన్నటి నూలుపోగుల్ని బయటికి చాచాయి, నీళ్ళు ఎటు తోస్తే అటు ఒరుగుతున్నాయి. ఎర్రపొర అంచులు బూడిదరంగు తిరుగుతున్నాయి. దానికి ఆకలేస్తోంది. అది ఎంత పాతదో, ఎన్ని చీకట్లు చూసిందో చెప్పాను. మొదటి గాలి అదే చేసిందని, మనం ఇప్పటికీ పీల్చేది ఆ గాలేనని కూడా.

ఎంత మాట్లాడానో. పక్క మంచాల్లో దగ్గులు ఆగిపోయాయి. బయటి గదిలో మాస్టారు రేడియో తగ్గించారు. చీకట్లో నీళ్ళ చప్పుడూ మెషీను చప్పుడూ ఒక్కలాగే ఉన్నాయి. రెండు చోట్లా ఏదో తిరిగి తిరిగి శుభ్రమవుతోంది. నా మాట నాకే నీళ్ళలోంచి వచ్చినట్టుంది. ఒక చోట ఏం చెప్పాలో తోచక ఆగాను.

"రొయ్య ఎక్కడిదాకా వెళ్ళింది?" అంది టైలరమ్మ.

ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. తల ఇటు తిరిగి ఉంది. చూపు ట్యూబు మీదే ఉంది. ఎర్రటి గీత ఆవిడ చేతిలోంచి బయల్దేరి, చుట్టూ తిరిగి, మళ్ళీ చేతికే వస్తోంది. భయపడుతున్నట్టు లేదు. బస్సు కిటికీలోంచి దారి చూస్తున్నట్టుంది.

"రాయి దాటింది. ఇప్పుడు మూలకి వెళ్తోంది" అన్నాను.

ముసుగు తీసిన రోజు టైలరమ్మ వంతు కాదు. డాక్టరుగారు చూడ్డానికి వచ్చారు. నల్ల గుడ్డ లాగగానే దీపం పడి, చేపలు ఉలిక్కిపడి కాసేపు మూలకి చేరాయి. ఇసుక తెల్లగా ఉంది. రాళ్ళ మీద చచ్చిన పొర బూడిద దారాలుగా వేలాడుతోంది. ఒక పగడం కొమ్మ పాలిపోయింది, అది మళ్ళీ కోలుకుంటుందో లేదో తెలియదు. పువ్వు నెమ్మదిగా వేళ్ళు విప్పింది. డాక్టరుగారు వంగి, రాయి పక్కన దారం మందాన మిగిలిన ఎరుపు చూపించి, ఇదీ పోదా అని అడిగారు. ఇది పోదండీ, ఇంతలో ఉంచుకోవాలంతే అన్నాను. ఆయన లేచి, మా పేషెంట్లకి నేను చెప్పేదీ ఇదేగా అని, టీవీ మాట ఎత్తకుండా వెళ్ళిపోయారు.

నేను హాలు వైపు గాజు తుడుస్తుండగా నీళ్ళ అవతల ఎవరో నిలబడ్డట్టు కనిపించింది. మొహం అలల్లో విడిపోతూ కలుస్తోంది. గోడ తిరిగి బయటి గదిలోకి వెళ్ళాను. టైలరమ్మ ఒక్కతే వచ్చింది, చెల్లెలు లేకుండా, మెడలో టేపు వేసుకుని, మధ్యలో పని వదిలి లేచొచ్చినట్టు. కాళ్ళ వాపు తగ్గింది. ఆవిడ చంటోణ్ణి చూడడం లేదు. నీళ్ళలోంచి అవతల ఉన్న తన మంచాన్ని చూస్తోంది. దాని మీద ఇవాళ్టి షిఫ్టులో కొత్తగా వచ్చినాయన పడుకుని ఉన్నాడు. చెయ్యి చాచి, పిడికిలి బిగించి, పైకప్పుకేసి చూస్తున్నాడు.

"ఇటు నుంచి చూస్తే మనమే లోపలున్నట్టున్నామే" అంది.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది.

"వెళ్ళి ఆ మనిషి తల ఇటు తిప్పించు. రొయ్య సంగతి చెప్పు. రేపు నేనొచ్చేసరికి ఇంకో మంచం కూడా గాజు దగ్గరికి జరిపించు, ఏ పూటైనా ఇద్దరు చూసేందుకు చోటు చాలుతుంది."